కొట్టం మిద్దె ఎందుకు ఉరిసిందంటే

పోయిన అక్టోబరులో మా ఊళ్ళో రెండు రోజులు వదలకుండా ముసురు పట్టింది. మూడో రోజు పొద్దున్నే నాయన ఫోన్ చేసి, విత్తనానికి పెట్టుకున్న శనగలు నాలుగు బస్తాలు తడిసిపోయాయని చెప్పాడు. వారం పది రోజుల్లో చేనిలో పడాల్సిన గింజలు. ఆయన కోపంగా చెప్పి ఉంటే నాకు అంత బాధ అనిపించేది కాదు, కానీ అలసిపోయిన గొంతుతో "కొట్టం మిద్దె ఉరుస్తాంది పాపా, ఎన్నిసార్లని చూస్తాం, ఈసారి పీకేసి రేకులు ఏపిచ్చేస్తా" అన్నాడు. నేను హైదరాబాద్‌లో ఆఫీసుకు బయలుదేరుతూ బస్సు కోసం నిలబడి ఉన్నాను. సంక్రాంతికి వస్తాను, అంతవరకు ఏమీ చేయించొద్దు నాయనా అని మాత్రం చెప్పగలిగాను.

మాది నంద్యాల జిల్లా, కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద ఊరు. ఇంటికి ఎప్పుడో స్లాబ్ వేశాం గానీ, వెనక దొడ్లో మా అబ్బ, అంటే తాత, కట్టించిన కొట్టం అట్లాగే ఉంది. ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు, మట్టి అడుసుతో కట్టిన రాతి గోడలు, పైన మట్టి మిద్దె. ఒకప్పుడు ఎద్దులు ఉండేవి, తర్వాత బర్రెలు, ఇప్పుడు బస్తాలు, మందు కొట్టే స్ప్రేయరు, ఎవరూ వాడని గొర్రు, ఒక మూల నాయన మంచం. ఆ మంచం గురించి చెప్పాలి. మే నెలలో బయట 42, 43 డిగ్రీలు ఉన్నప్పుడు స్లాబ్ ఇంట్లో ఫ్యాను తిరిగితే వేడిగాలి మీద పడుతుంది, సాయంత్రం అయినా గోడలు సెగ కక్కుతూనే ఉంటాయి, నాయన మధ్యాహ్నం అన్నం తిని నేరుగా కొట్టంలోకి పోయి మూడు గంటలు హాయిగా నిద్రపోతాడు. రేకులు వేస్తే ఆ నిద్ర పోయినట్టే. నేను రేకులు వద్దన్నది మొదట ఆ ఒక్క కారణానికే.

మట్టి మిద్దె చూడనివాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్తాను. గోడకూ గోడకూ మధ్య దూలాలు, మావి తుమ్మ దూలాలు, నాలుగు. దూలాల మీద అడ్డంగా దంతెలు, అంటే సన్న వాసాలు. దంతెల మీద నాపబండలు పరుస్తారు (మాకు బేతంచెర్ల దగ్గరే కాబట్టి బండలకు కొదవ లేదు, బండ దొరకని ఊళ్ళలో కట్టెలూ ఆకూ పరిచేవాళ్ళు). బండల మీద తొక్కిన ఎర్రమట్టి, దాని మీద చౌడు. అసలు సంగతంతా ఆ చౌడులోనే ఉంది. పొలంలో చౌడు తేలితే రైతుకు ఏడుపు, ఏ పైరూ సరిగ్గా రాదు, పైన తెల్లగా పొరలాగా కడుతుంది. అదే మట్టిని మిద్దె మీద పరిస్తే వాన నీళ్ళను కిందికి దిగనివ్వదు. అందులో సోడియం ఎక్కువ ఉండడం వల్ల తడి తగలగానే మట్టి రేణువులు విడిపోయి, ఉబ్బి, సందులన్నీ మూసేస్తాయి, పైన పడిన నీళ్ళు వాటం ఉన్న వైపు జారిపోతాయి. ఎండకు సన్నగా నెర్రెలు వచ్చినా తర్వాతి వాన మొదటి పావుగంటలోనే మళ్ళీ మూసుకుంటాయి.

ఇది నేను చదివి వదిలేయలేదు, ఇంట్లోనే చూశాను. రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి, ఒకదాంట్లో మా చేని ఎర్రమట్టి గడ్డ, ఇంకోదాంట్లో కాలువ కింద నుంచి తెచ్చిన చౌడు గడ్డ వేసి కదిలించకుండా పెట్టాను. తెల్లారేసరికి ఎర్రమట్టి అడుగున కూర్చుని పైన నీళ్ళు తేటగా ఉన్నాయి. చౌడు వేసిన గ్లాసు మాత్రం పాలు కలిపినట్టు అట్లాగే ఉంది, మధ్యాహ్నానికీ తేరలేదు. మీరూ మీ మట్టిని మిద్దెకు వాడే ముందు ఇది చేసి చూసుకోండి, ఖర్చు లేని పని. తెల్లగా కనపడే ప్రతి మట్టీ చౌడు కాదు.

మరి ఇంత మంచి చౌడు ఉండగా మిద్దె ఎందుకు ఉరిసింది? ఇంట్లో అందరం చెప్పుకున్న సమాధానం ఒకటే: పాతబడింది. నేనూ అదే నమ్మాను. అది తప్పని మే నెలలో తెలిసింది.

మా చిన్నప్పుడు ప్రతి ఎండాకాలం చివర, వానలకు ముందు, నాయన బండెడు చౌడు తోలించి మిద్దె మీద పరిచేవాడు. గడ్డి మొలిస్తే వేరుతో సహా పీకే పని మా పిల్లలది. 2009 అక్టోబరులో కర్నూలు మునిగిన వానలు గుర్తున్నాయి కదా, అప్పుడు మా ఊళ్ళోనూ మిద్దెలు చాలా ఉరిశాయి, రెండు మూడు కూలాయి కూడా. ఆ భయంతో 2010 ఎండాకాలంలో ఒక మేస్త్రీ సలహా మీద కొట్టం మిద్దె మీద రెండు అంగుళాల మందాన సిమెంటు కాంక్రీటు పోయించారు. ఇక ఏటేటా చౌడు తోలే పని లేదని ఇంట్లో అందరం సంతోషించాం. మూడేళ్ళకు సిమెంటు పగిలింది. పగుళ్ళ మీద సిమెంటు పాలు పోశారు. మళ్ళీ పగిలింది. తారు షీటు అతికించారు, రెండు ఎండాకాలాలకు అది ఎండి చినిగి అంచులు లేచాయి. చివరికి ఎలక్షన్ల ఫ్లెక్సీ ఒకటి కప్పి నాలుగు రాళ్ళు పెట్టారు. అక్టోబరులో శనగలు తడిసింది ఆ ఫ్లెక్సీ కిందే.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు ముగ్గురిని పిలిపించాం. రేకులాయన కొలతలు తీసుకుని పది నిమిషాల్లో రేటు చెప్పి పోయాడు. స్లాబ్ మేస్త్రీ గోడలు తట్టి చూసి, పాత గోడల మీద నేరుగా స్లాబ్ నిలవదు, పైవరుస రాళ్ళు తీసి చుట్టూ కాంక్రీటు పట్టీ పోసి దాని మీద స్లాబ్ వేయాలి, అంతా కలిపి లక్షా అరవై వేలు అన్నాడు. ఆయన చెప్పింది సరైన మాటే, ఆ పట్టీ లేకుండా వేస్తానని ఒప్పుకునే మేస్త్రీ దొరికితే అతనికి పని ఇవ్వకండి. మూడో ఆయన పక్క ఊరి నుంచి వచ్చిన పెద్దాయన, డెబ్బై దాటిన మనిషి, మట్టి మిద్దెలు వేసే చేతులు ఆ చుట్టుపక్కల ఇంకా రెండో మూడో మిగిలాయి, వాటిలో ఆయనవి. నిచ్చెన ఎక్కి పైన కాసేపు తిరిగాడు, గడ్డపలుగుతో ఒకచోట సిమెంటు పెళ్ళ లేపి చూశాడు, దిగి చేతులు దులుపుకుని నాతో అన్నాడు.

"ఏం పాపా, ఉరిసినప్పుడల్లా మీద పోసుకుంటా పోతే కింద మోసేదెవరు?"

ఆ రాత్రి నిద్ర పట్టక కూర్చుని లెక్క వేశాను. కొట్టం మిద్దె 240 చదరపు అడుగులు, అంటే సుమారు 22 చదరపు మీటర్లు. ఏటా పరిచిన చౌడు పేరుకుని మట్టి మందం ఒక మూల 14 అంగుళాలు, ఇంకో మూల 10, సగటున ఒక అడుగు అనుకుందాం. ఘనపు మీటరు మట్టి ఆరి ఉన్నప్పుడే 1,600 కిలోల దాకా ఉంటుంది. అంటే మట్టే పది టన్నుల పైమాట. దాని మీద సిమెంటు ఇంకో రెండున్నర టన్నులు. మధ్యలో కుంగిన చోట వాన నీళ్ళు నిలిస్తే అదొక బరువు, మట్టి నానితే మరొకటి. కొత్తగా ఐదు అంగుళాల స్లాబ్ వేస్తే అయ్యే బరువు ఏడు టన్నులు! స్లాబ్ బరువును పాత గోడలు మోయలేవేమోనని అందరం భయపడ్డాం గానీ, ఇన్నాళ్ళూ మా అబ్బ గోడలు దాదాపు దానికి రెట్టింపు మోస్తున్నాయి. ఆ కాగితం నాయనకు చూపిస్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత లేచి పోయి ఆ మంచాన్ని కొట్టంలో నుంచి బయటికి లాగేశాడు.

నాకు స్లాబ్ మీద కోపమేమీ లేదు. ఏటా పైకెక్కి చూసుకునే మనిషి ఇంట్లో లేకపోతే మట్టి మిద్దె జోలికి పోవద్దనే నేనూ చెప్తాను, తాళం వేసి ఉండే ఇంటికి అది పనికిరాదు. మా ఇంట్లో నాయన ఉన్నాడు, చౌడు మూడు కిలోమీటర్ల దూరంలో ఉంది, చేసే పెద్దాయన దొరికాడు, ఆ చల్లదనం మాకు కావాలి. అందుకని మళ్ళీ మట్టి మిద్దే వేద్దామని నిర్ణయించుకున్నాం. మే మొదటి వారంలో పది రోజులు సెలవు పెట్టి వెళ్ళాను.

మొదటి రోజంతా పైన చేయి పెట్టలేదు. సెంట్రింగ్ వాళ్ళ దగ్గర ఎనిమిది జాకీలు (ఊతంగా నిలబెట్టే ఇనుప గుంజలు) అద్దెకు తెచ్చి, కింద బండలు పరిచి, ప్రతి దూలానికీ రెండేసి నిలబెట్టాం. కూలీలు ఇదంతా ఎందుకు దండగ అన్నారు. పెద్దాయన వినలేదు. పాత మిద్దె విప్పేటప్పుడు జాగ్రత్త ఇదొక్కటే కాదు: ఒక పక్క నుంచి తవ్వుకుంటూ పోయి మట్టి ఇంకో పక్క కుప్ప పోయకూడదు, మిద్దె అంతటా పొరలు పొరలుగా సమానంగా తీయాలి, తీసిన మట్టి వెంటనే కిందికి పోవాలి. సుత్తితో గట్టిగా బాదకూడదు, ఆ అదురుకు బండలు విరుగుతాయి. వాన పడి నానిన మిద్దె మీదకైతే మనుషులు ఎక్కనే కూడదు. రెండో రోజు మధ్యాహ్నం పడమటి వైపు రెండో దూలం దగ్గర సిమెంటు పెళ్ళ లేపుతుండగా కింద టప్‌మని శబ్దం వచ్చింది. అందరం ఆగిపోయాం. దూలం కొన గోడలోనే విరిగి, జాకీ మీద కూర్చుంది. జాకీ లేకపోతే ఆ రోజు ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి, పైన నలుగురు ఉన్నారు.

ఆ పెళ్ళ కింద కనిపించిందే మా మిద్దె రోగం. మట్టి తడిగా ఉంది. మే నెలలో, మేం నిలబడ్డ చోట చెప్పులు లేకుండా కాలు మోపలేని ఎండలో, సిమెంటు కింద మట్టి ముద్దలాగా చేతికి అంటుకుంది. పన్నెండు రోజుల ముందు ఒక గాలివాన పడిందట, అంతే. అదే వానకు తడిసిన మా ఎదురింటి మట్టి మిద్దె, పైన ఏ సిమెంటూ లేనిది, రెండు రోజుల్లో ఆరిపోయింది. మట్టీ కట్టే ఎండకూ తడికీ కొద్దికొద్దిగా కదులుతుంటాయి, సిమెంటు కదలలేదు కాబట్టి పగులుతుంది. పగుళ్ళలో నుంచి నీళ్ళు లోపలికి పోతాయి, పైన మూత ఉంది కాబట్టి ఆవిరై బయటికి రాలేవు. ఎటూ పోలేని ఆ తడి మెల్లగా జారి దూలాల కొనలు గోడలో దిగిన చోట చేరుతుంది. అక్కడ గాలి ఆడదు. తుమ్మ గట్టి కట్టే, మధ్యలో గొడ్డలి వేస్తే గణగణమంటోంది, గోడలో ఉన్న అడుగు మేర మాత్రం వేలితో గుచ్చితే పొట్టులా రాలింది. నాలుగు దూలాల్లో రెండు పోయాయి, రెండూ వాన నీళ్ళు బయటికి పోయే గొట్టాలు ఉన్న పడమటి వైపే. ఒక గొట్టం పక్కన పగుల్లో రావి మొక్క వేరు మూరెడు పొడవు దిగి ఉంది.

పద్నాలుగేళ్ళుగా మిద్దెను కాపాడుతుందనుకున్నదే దాన్ని చంపుతూ వచ్చింది. పాతబడ్డం దాని తప్పు కాదు. నాయన ఆ పొట్టును అరచేతిలో పట్టుకుని, "మంచికే పోయించినాను గదా" అన్నాడు. ఆయనకు ఏం చెప్పాలో తెలియలేదు. నిజంగా మంచికే పోయించాడు, ఆ రోజుల్లో ఊళ్ళో సగం మంది అదే చేశారు.

మూడు ట్రాక్టర్ల మట్టి పోయింది. పుచ్చిపోయిన రెండు దూలాల బదులు ఆరు అంగుళాల ఇనుప గర్డర్లు వేశాం. నాకు తుమ్మే వేయించాలని ఉండింది, అంత పొడవైన, పండిన, వంకర లేని మాను వెతికి తెచ్చేంత టైం లేదు. గర్డర్లకు ఎర్ర ప్రైమరు రెండుసార్లు పూయించాను. గోడలో దిగే చోట, కొత్త గర్డర్లకైనా పాత దూలాలకైనా, కింద నాపరాయి ముక్క పెట్టి చుట్టూ రెండు వేళ్ళ సందు వదిలాం, మట్టితో పూడ్చలేదు, గాలి ఆడాలి కాబట్టి. ఇంకొక పని పెద్దాయన చెప్పి చేయించాడు, నాకు చాలా నచ్చింది. ఇంతకు ముందు వాటం అంతా మట్టిలోనే ఉండేది, ఒక పక్క మందంగా, ఒక పక్క పలుచగా. ఈసారి తూర్పు గోడ మీద దూలాల కింద మూడు అంగుళాల రాళ్ళు పెట్టి పైకి లేపాం, పన్నెండు అడుగుల్లో మూడు అంగుళాల వాటం దూలాల్లోనే వచ్చింది. ఇక మట్టి అంతటా ఒకే మందాన వేయొచ్చు, వాటం కోసం అదనపు బరువు ఎక్కించక్కర్లేదు.

దంతెలు దాదాపు అన్నీ పనికొచ్చాయి, నాలుగు మార్చాం. బండలు ఐదు విరిగాయి, మిగతావి కడిగి మళ్ళీ పరిచాం. బండల సందుల్లో చిన్న రాతి ముక్కలు పొదిగి సున్నం, ఇసుక కలిపి మూశారు. ఇక్కడ సిమెంటు ఎందుకు వద్దో ఇప్పుడు ఎవరూ నాకు చెప్పక్కర్లేదు. వరిగడ్డి చిన్నగా నరికి కలిపి మూడు రోజులు నానబెట్టి తొక్కిన ఎర్రమట్టి రెండు అంగుళాలు వేసి, అది ముక్కాలు భాగం ఆరాక వచ్చిన బీటలు అదే మట్టితో పూసి, ఆ పైన చౌడు మూడు అంగుళాలు. చౌడును జల్లెడ పట్టి, పొడిగా పరిచి, నీళ్ళు చిలకరిస్తూ చెక్కతో కొట్టారు. నాయన కూడా ఒక చెక్క పట్టుకుని కూర్చున్నాడు, వద్దంటే వినలేదు, చిన్నప్పుడు అబ్బతో కలిసి కొట్టిన పనట. ఆ రెండు సాయంత్రాలు కొట్టం మీద నుంచి వచ్చిన ఆ చప్పుడుకు వీధిలో ముసలివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కింద నిలబడి చూసి పోయారు. మొత్తం మట్టి ఐదు అంగుళాలు, ఐదు టన్నుల లోపే.

గొట్టాల దగ్గర మాత్రం చాలాసేపు వాదించుకున్నాం. పాత రేకు దోనెలు గోడ నుంచి ఒక అడుగే బయటికి ఉండేవి, నీళ్ళు గోడ మొదట్లో పడి కింద రాళ్ళ మధ్య అడుసు కొట్టుకుపోయింది. వాటి బదులు నాలుగు అంగుళాల పీవీసీ పైపు రెండున్నర అడుగులు బయటికి వచ్చేలా పెట్టి, చుట్టూ మూరెడు మేర సున్నం గార చేయించాం. పిట్టగోడా మిద్దే కలిసే మూల వెంబడి కూడా సున్నంతో ఏటవాలుగా పూత పెట్టాం, నీళ్ళు ఆ మూలలో ఆగకుండా.

అన్నీ కలిపి 74 వేలు అయింది, అందులో సగానికి పైగా కూలి. స్లాబ్‌తో పోలిస్తే సగం కంటే తక్కువ, కానీ ఏటా ఒక ట్రాక్టరు చౌడులో పావు వంతు, రెండు రోజుల పని ఎప్పటికీ ఉంటాయి. ఒకటి మాత్రం నాయనతో ఒప్పందం చేసుకున్నాను: కొత్త చౌడు వేసే ముందు పాతది అంత మందం గీకి తీసేయాలి. మందం చూసుకోవడానికి పిట్టగోడ లోపలి వైపు నాలుగు చోట్ల సున్నంలో గీత గీయించాం, మట్టి ఆ గీత దాటకూడదు.

జూన్‌లో మొదటి పెద్ద వాన రాత్రి పదకొండింటికి పడింది. అమ్మ టార్చి పట్టుకుని కొట్టంలో నిలబడి వీడియో కాల్ చేసింది, బండలన్నీ ఒక్కొక్కటిగా చూపించమన్నాను. పడమటి గోడలోనే ఉత్తరం పక్కనున్న గొట్టం కింద చేతి వెడల్పున చెమ్మ. నాకు గుండె జారిపోయింది. పెద్దాయన వచ్చి చూసి, పైపు కదిలి గార దగ్గర వెంట్రుకవాసి సందు వచ్చిందని, సున్నం మళ్ళీ పూసి, పైపు కింద రాయి ఊతం పెట్టి పోయాడు, డబ్బులు తీసుకోలేదు. నాయన ఆ చెమ్మ చుట్టూ సుద్దముక్కతో గీత గీసి పక్కన తేదీ రాశాడు.

సెప్టెంబరులో నేను వెళ్ళేసరికి అలాంటి గీతలు మూడు ఉన్నాయి, మూడు తేదీలతో, ఒకదాని లోపల ఒకటి, ప్రతిదీ ముందుదాని కంటే చిన్నది. మంచం మళ్ళీ పాత మూలకే వచ్చింది. దాని పక్కన ఈ ఏటి శనగ విత్తనం, ఆరు బస్తాలు, కింద చెక్కలు వేసి, గోడకు జానెడు ఎడంగా.